గుండె జోలికి పోని ఎర్రమందు

చెన్నై పురసవాక్కం హైరోడ్డులో ఉదయం తొమ్మిదిన్నర. చీరల దుకాణాల షట్టర్లు ఒక్కొక్కటే పైకి లేస్తున్నాయి. మీ ఆటో వెళ్లాల వీధి మొదట్లో ఇరుక్కుపోయింది. దిగి నడిస్తేనే నయం. పక్క సందులో చిన్న ఆసుపత్రి, మూడో అంతస్తులో డే కేర్ వార్డు. తలుపు తోయగానే ఏసీ చలి, స్పిరిట్ వాసన.

కిటికీ పక్క మంచం మీద నెల్లూరు నుంచి వచ్చిన పెద్దావిడ ఉంది. అండాశయ క్యాన్సర్ ఒకసారి తగ్గి, మళ్లీ తిరగబెట్టింది. పక్కనే కూతురు, ఒళ్లో లావుపాటి ఫైలు. మీరు స్టూలు లాక్కుని కూర్చోండి.

నర్సు ఫ్రిజ్ తెరిచి సీసా తీసింది. దగ్గరికి వెళ్లి చూడండి. డాక్సోరూబిసిన్ అనే కీమో మందు మామూలుగా ఎర్రగా, తేటగా ఉంటుంది. ఇందులో ఎరుపు కాస్త మసకగా ఉంది. మందు కొవ్వు బుడగల్లో బంధించి ఉండటమే ఆ మసకకు కారణం. ఒక్కో బుడగ వంద నానోమీటర్ల లోపే, అంటే తలవెంట్రుక మందంలో ఇంచుమించు వెయ్యోవంతు. వీటిని లైపోసోములంటారు. ఈ మందును సెలైన్‌లో కలపకూడదు. నర్సు డెక్స్‌ట్రోజ్ సంచి మీది లేబుల్ రెండుసార్లు చదివి, అప్పుడు సిరంజి ఎత్తింది.

చుక్కలు మొదలయ్యాయి, చాలా నెమ్మదిగా. మొదట్లో నిమిషానికి ఒక మిల్లీగ్రాము మించనివ్వరు. కొందరికి ఉన్నట్టుండి ముఖం ఎర్రబడుతుంది, ఊపిరి బిగుస్తుంది, నడుం పట్టేస్తుంది. అందుకే నర్సు మంచం దగ్గరే నిలబడింది.

"ముదుగు వలిక్కుదా అమ్మా?" వీపు నొప్పిగా ఉందా అని తమిళంలో అడిగింది.

"నొప్పేం లేదు పాపా. చేతులే జిల్లుమంటా ఉండాయి."

రెండు అరచేతుల్లో ఐసు సంచులు. పాదాల కింద కూడా. వాటి సంగతి తర్వాత చెప్తాను. ముందు మీ చూపు గొట్టం వెంట నరంలోకి పోనివ్వండి.

విడి డాక్సోరూబిసిన్ నిమిషాల్లోనే రక్తం వదిలి ఒళ్లంతా ఇంకిపోతుంది, గుండె కండరంలోకి కూడా. ఈ బుడగకు పైన పాలీఇథిలీన్ గ్లైకాల్ పూత ఉంది. కాలేయంలో, ప్లీహంలో కాపలా ఉండే కణాలు దాన్ని అంత తొందరగా పసిగట్టలేవు. కాబట్టి రోజుల తరబడి రక్తంలో తిరుగుతూనే ఉంటుంది. గుండె రక్తనాళాల గోడలు బిగుతుగా ఉంటాయి, బుడగ పట్టదు. కణితిలోని నాళాలు హడావిడిగా పుట్టుకొచ్చినవి, సందులు ఎక్కువ. జపాన్‌లో మత్సుమురా, మాయెదా 1986లో ఈ తేడాను వివరించారు. జెరూసలేంలో బారెన్‌హోల్జ్, గాబిజోన్ రూపుదిద్దిన ఈ బుడగ మందుకు 1995లో అమెరికా అనుమతి వచ్చింది.

"అయితే మందంతా గడ్డలోకే పోతుందా?" కూతురు అడిగింది.

పోదు. 2016లో టొరంటో పరిశోధకులు అంతకుముందు పదేళ్లలో వచ్చిన జంతు ప్రయోగాలను జల్లెడ పట్టారు. ఎక్కించిన నానోరేణువుల్లో కణితిని చేరింది, మధ్యస్థంగా చూస్తే, 0.7 శాతమే. ఈ అంకెను దాచి నానో వైద్యాన్ని పొగడటం రోగికి చేసే అన్యాయమని నా నమ్మకం. మరి ఈ సీసా వల్ల లాభమేమిటి? పాత మందు మోతాదు జీవితకాలం మొత్తమ్మీద ఒక హద్దు దాటితే గుండె దెబ్బతినే ప్రమాదం పెరుగుతుంది. బుడగలో పెట్టాక ఆ ప్రమాదం బాగా తగ్గింది. ఒకసారి కీమోతో నలిగిన ఒంటికి అది చాలా పెద్ద ఊరట.

మూల్యం చర్మం చెల్లిస్తుంది. ఒత్తిడి పడే చోట, అంటే అరచేతుల్లో, అరికాళ్లలో, మందు చేరి ఎర్రబడి, మండి, ఒక్కోసారి తోలు ఊడుతుంది. ఐసు అందుకే. వేడినీళ్లు వద్దు, బిగుతు చెప్పులు వద్దు, గిన్నెలు తోమొద్దు అని నర్సు చెబుతుంటే పెద్దావిడ చివరి మాటకు మాత్రం కూతురి వైపు చూసి నవ్వింది.

బుడగకు చిరునామా రాసి పంపగలిగితే? అండాశయ క్యాన్సర్ కణాల్లో చాలావాటి మీద ఫోలిక్ ఆమ్లాన్ని పట్టుకునే గ్రాహకాలు గుంపులుగా ఉంటాయి. బుడగ అంచున ఫోలిక్ ఆమ్లం తగిలిస్తే ఆ కణాలే దాన్ని లోపలికి లాక్కుంటాయని ఆశ. ఇక్కడికి దగ్గర్లోనే, సెంట్రల్ స్టేషన్ ఎదుటి మద్రాసు మెడికల్ కాలేజీలో చదివాడు భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలో ఆయన బృందమే 1940లలో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది, దానికి విరుగుడు మందులనూ ఇచ్చింది. వాటితోనే సిడ్నీ ఫార్బర్ లుకీమియా పిల్లల్లో తాత్కాలికంగానైనా జబ్బును వెనక్కి నెట్టి, ఆ సంగతి 1948లో ప్రకటించాడు. ఆ ఏడాదే సుబ్బారావు కన్నుమూశాడు.

ఫోలిక్ ఆమ్లం తగిలించిన బుడగలు ఇంకా ఇలాంటి వార్డుల దాకా రాలేదు. అదే గ్రాహకాన్ని వెతికిపట్టే యాంటీబాడీ మందొకటి మాత్రం 2022లో అమెరికాలో అనుమతి పొందింది.

రౌండ్స్‌కి వచ్చిన డాక్టరమ్మను కూతురు ఆపింది. "మేడమ్, మా అమ్మ గడ్డ మీద ఆ గ్రాహకం ఉందో లేదో ఎట్లా తెలుస్తుంది?"

"ఆపరేషన్‌లో తీసిన ముక్క మైనం బ్లాకులో ఉంటుందమ్మా. దాన్నుంచి పలచటి పొర కోసి, రంగు వేసి చూస్తారు. ఆపరేషన్ ఎక్కడ చేయించారు?"

"నెల్లూరులోనే మేడమ్."

"అయితే ఈసారి వచ్చేటప్పుడు బ్లాకులు అడిగి తీసుకురండి."

కూతురు ఫైలు తెరిచి పాత బయాప్సీ రిపోర్టు మీద నంబరు వెతుకుతోంది.