వినుట నేర్పిన నాట్యము

కావ్యమునకు వ్యాఖ్యాత యెట్టివాడో గీతమునకు నర్తకి యట్టిది. పదములోని భావమును, రాగములోని మెలికను, తాళములోని విరామమును ఆమె కన్నులతోను, చేతులతోను, అడుగులతోను విప్పిచెప్పును. ఆ వ్యాఖ్యానమును పలుమారులు చూచినవారు సంగీతశాస్త్రము చదువకున్నను వినుట నేర్చుకొందురు. ఈ విద్య యనేక దేశములందు వర్ధిల్లినది. షోలాపురమున, కుంఠా నాకా పరిసరములలో మగ్గముల నడుమ తరతరములుగా స్థిరపడిన మనవారికి దీని చరిత్ర తెలిసికొనదగినది. ఏలయన, తెలుగుగడ్డకు వెలుపల తెలుగుపాట యెట్లు నిలిచినదో దీనివలన బోధపడును.

ముందుగా ఈజిప్టుదేశమును చూతము. కైరోనగరమున 1926లో బదియా మసాబ్నీ యను కళావతి యొక వినోదశాలను నెలకొల్పెను. ఆ దేశపు నృత్యము రంగస్థలమున నూతనరూపము దాల్చుటకు అది తోడ్పడినది. అచ్చటి మేళములో కానూన్ అను తంత్రీవాద్యము, నాయ్ అను వేణువు, వాయులీనము, దర్బుకా అను చర్మవాద్యము ముఖ్యములు. తాళము నాపి యొకే వాద్యము రాగమును విస్తరించుటను ‘తక్సీమ్’ అందురు. మన ఆలాపనకు అది చాల దగ్గర. అప్పుడు నర్తకి తొందరపడక, మెల్లని యంగచలనముతో స్వరము వెంట నడచును. దర్బుకాపై దెబ్బ పడగనే దానిని నడుము కదలికలో చూపును. అందుచే ఏది రాగమో, ఏది లయయో చూపరికి కంటితోనే తెలియును.

ఆ దేశపు మహాగాయని ఉమ్ కుల్సుమ్ ఒకే పాదమును పలుమారులు పాడి, ప్రతిమారును క్రొత్త యందము చూపెడిది. 1964లో మహమ్మద్ అబ్దుల్ వహాబ్ స్వరపరచగా ఆమె పాడిన ‘ఇంత ఉమ్రీ’ మిక్కిలి ప్రసిద్ధి గాంచెను. ఆమె పాటలకు నర్తించి సుహేర్ జకీ పేరు గడించెను. గాయని కంఠమున కలిగిన మార్పు నర్తకి దేహమున కనబడవలెననుట ఆ విద్యకు ప్రాణము.

ఈ మాట విన్నప్పుడు మనకు క్షేత్రయ్య పదములు స్మరణకు రాక మానవు. 17వ శతాబ్దిలో మువ్వగోపాల ముద్రతో వెలసిన ఆ పదముల నభినయించునపుడు, ఒకే పాదమును గాయకులు మరల మరల పాడుదురు. నర్తకి ప్రతిమారును వేరొక భావము చూపును. నాయిక ‘వచ్చితివా’ యని యడుగుచున్నదనుకొందము. ఆ యొక్కమాటలో ఒకమారు సంతోషము, ఒకమారు నిష్ఠూరము, ఒకమారు ఎత్తిపొడుపు ధ్వనించవచ్చును. గమకము మారినచో చూపు మారవలెను. జతిస్వరమున నయితే మాటలే లేవు. స్వరమును, లయను మాత్రమే యాశ్రయించి నర్తింపవలెను. కాకతి గణపతిదేవుని గజసేనాని జాయప 1253-54 ప్రాంతమున నృత్తరత్నావళిని రచించి, మార్గనృత్తముతోపాటు దేశినృత్తములకును శాస్త్రగౌరవము కల్పించెను. కావున మనకిది నేటి విద్య గాదు.

ఇక మనకు మరింత సన్నిహితమైన చరిత్ర తంజావూరిది. అచ్చట 17వ శతాబ్ది చివరిపాదమున భోసల వంశము రాజ్యమునకు వచ్చినది. వారి యింటిభాష మరాఠీ. అయినను 1684 నుండి 1712 వరకు పాలించిన షాహాజీ తెలుగున యక్షగానములు రచించెను. పల్లకీసేవా ప్రబంధము వానిలో నొకటి. తరువాత శరభోజి కాలమున (1798-1832) చిన్నయ్య, పొన్నయ్య, శివానందము, వడివేలు అను సోదరులు నలువురు నాట్యకచ్చేరికి క్రమము నేర్పరచిరి. వారి సంప్రదాయమున తెలుగు వర్ణములకు గొప్పస్థానము కలదు. 1880లో బరోడా పాలకుడు శాయాజీరావు గాయక్వాడు తంజావూరు రాజకుమారిని పెండ్లాడగా, ఆమె వెంట నాట్యమేళము బరోడా చేరినది. అట్లు తంజావూరి నాట్యము పశ్చిమభారతమున మరాఠా ఆస్థానమును చేరినది. తెలుగు తెలియని సభాసదులకు ఆ పదముల భావము నందించుటకు అభినయమే తోడ్పడి యుండును.

మన స్థితి దీనికి ప్రతిబింబము వంటిది. అక్కడ మరాఠీ ప్రభువులు తెలుగుపాటను చేరదీసిరి. ఇక్కడ తెలుగు నేతగాండ్రు మరాఠీసీమను తమ యిల్లు చేసికొనిరి. తెలంగాణమునుండి వచ్చిన పద్మశాలి కుటుంబములు షోలాపురమును నేతకు పేరుపొందిన నగరముగా తీర్చుటలో పాలుపంచుకొన్నవి. శ్రావణ పూర్ణిమనాడు మార్కండేయుని రథము వెంట నడచునపుడు మనమెవరమో మనకు జ్ఞప్తికి వచ్చును. కాని మరాఠీబడులలో చదివెడి బిడ్డలలో పలువురకు ఇంట తెలుగు మాటాడుట వచ్చునే గాని, తెలుగు లిపి రాదు. లిపి రానంతమాత్రమున పాట దూరము కావలసిన పని లేదు.

బిడ్డకు పదములోని ఒక్కపాదమును నేర్పుడు. ముందు విననిండు, పిదప మాటమాటకు నర్థము చెప్పుడు, చేతితో తాళము వేయించుడు, ఆ తరువాతనే హస్తము పట్టించుడు. పడుగు సరిగా సాగనిదే పేక నిలువదని నేతయింటి బిడ్డకు వేరుగా చెప్పనక్కరలేదు. తాళము పడుగు, రాగము పేక, అభినయము వానిపై విరిసిన పువ్వు. ఆ పాదమును చెవితో గుర్తించి దేహముతో పలుకగలిగిన బిడ్డ, దానిని వ్రాసిన లిపిని నేర్వవలెనని ఒకనాడు తానే కోరును.