పశువు నెత్తుటిలోని కబురు

కార్తీక అమావాస్యతో మొదలై అయిదు దినములు సాగు పల్నాటి వీరారాధనోత్సవములలో, కారంపూడి నాగులేటి యొడ్డున వీరుల కొణతములు పూజలందుకొను వేళ, మూడవ దినమునకు మందపోరు అని పేరు. కోడిపందెము మూలమున రాజ్యములు కూలిన కథగా పల్నాటి యుద్ధమును లోకము చెప్పుకొనుచున్నను, ఆ తిరునాళ్లలో కోడిపోరునకు ముందే మందల కొఱకు నెత్తురు చిందిన దినమొకటి కలదని ఈ సీమవారు మఱచిపోలేదు. వెల్దుర్తి మొదలుకొని నల్లమల అంచు వఱకు గల యూళ్లలోను తండాలలోను నేటికిని ఇంటి కలిమిని జనులు తూచునది కొట్టములోని బఱ్ఱెలతోను దొడ్డిలోని గొఱ్ఱెలతోను గాని గోడల సున్నముతో గాదు. అయితే కత్తికి చచ్చిన పసరముల కన్న తెగులునకు చచ్చినవే యెప్పుడును ఎక్కువ. ఆ తెగులును పశువు శరీరము ఎట్లు పసికట్టును, పసికట్టి లోలోపల ఎవరికేమని కబురంపును, ఆ కబురును మనుష్యుడు ఏ యుపాయమున చెవిని వేసికొనగలిగెను అన్నదే ఈ వ్యాసమునకు విషయము.

మన పెద్దలు పశురోగములను కంటితోను ముక్కుతోను చేతి స్పర్శతోను పోల్చెడివారు. నోటను గిట్టల సందునను పుండ్లు పడిన గాలికుంటనియు, గొంతు వాచి గురక పుట్టిన గొంతువాపనియు, తొడను నొక్కినప్పుడు చిటచిట చప్పుడైన జబ్బవాపనియు, కన్నీరును చొంగయు కారి, కంపు విరేచనములతో వారము పది దినములలో కొట్టము పాడుపడిన ముసరయనియు వారి నిర్ణయము. ఈ నిర్ణయము తఱచు సరియైనదే గాని, రోగము పైకి పొడసూపిన పిమ్మటనే అది సాధ్యము. ముసర చేసిన నాశమును చూచి ఆంగ్ల ప్రభుత్వము నియమించిన పశువ్యాధుల కమిషను 1871లో నివేదిక నిచ్చెను. 1889లో పూనాలో నెలకొనిన ఇంపీరియల్ బాక్టీరియలాజికల్ లేబొరేటరీ 1893లో కుమాయూను కొండలలోని ముక్తేశ్వరమునకు తరలెను. అచ్చటనే 1920 తరువాతి దశకమున జె. టి. ఎడ్వర్డ్స్ ముసర వైరసును మేకలలో పలుమాఱులు పెంచి, దాని వాడిని తగ్గించి టీకా చేసెను. 1954లో ఆరంభమైన జాతీయ నిర్మూలన ప్రయత్నము నలువది యేండ్లు నడచిన పిదప, 1995లో తమిళనాట చివరిసారి కనబడి, ముసర ఈ దేశమున మఱి తలయెత్తలేదు.

వచ్చిన రోగమును చూపుట సులభము. పోయిన రోగము నిజముగా పోయినదని చూపుటయే కష్టము. టీకాలు మాన్పించి, ఊళ్ల నేరి, పశువుల నెత్తురు తీసి, అందు ముసరకు చెందిన ప్రతిరక్షకములు (యాంటీబాడీలు) లేవని ఋజువు చేయవలసి వచ్చెను. ఈ పనికి ప్రాణమైనది ఇంగ్లండులోని పిర్‌బ్రైట్ శాస్త్రజ్ఞులు 1991లో ప్రకటించిన పోటీ ఎలీసా అను పరీక్ష. వైరసు ఉపరితలమందలి ఒకే ఒక ప్రోటీనును పట్టుకొను మోనోక్లోనల్ యాంటీబాడీని (దీని పుట్టుకను ముందు చెప్పుదును) పలకపై వేసి, పశువు నెత్తుటిలోని ప్రతిరక్షకము దానితో పోటీపడి చోటాక్రమించినదా లేదా అని రంగును బట్టి తేల్చుట అందలి కీలకము. 2011లో ముసర భూమండలమునుండియే తొలగినదని ప్రకటింపబడినపుడు ఆ ప్రకటన వెనుక ఇట్టి పలకలు లక్షలు కలవు. అయినను ఇది పాత దస్త్రమును చదువుట వంటిది. ప్రతిరక్షకము శరీరము వ్రాసియుంచుకొనిన పగ లెక్క; ఆ క్షణమున ఒక కణము మఱియొక కణమునకు పంపు కబురు వేఱు. ఆ కబురును వినవలసిన యవసరము క్షయ విషయమున కలిగినది.

క్షయ క్రిమిని రాబర్ట్ కాక్ 1882లో కనిపెట్టెను. 1890లో దాని సారమైన ట్యూబర్‌క్యులిన్‌ను మందుగా ప్రకటించి భంగపడెను. మందుగా చెల్లని ఆ ద్రవమే పరీక్షగా చెల్లినది. పశువు మెడపై వెండ్రుకలు గొఱిగి, చర్మపు మడతను కొలమానముతో కొలిచి, చుక్క ద్రవమును చర్మములోనికి ఎక్కించి, డెబ్బదిరెండు గంటల కనంతరము మరల కొలిచిన, నాలుగు మిల్లీమీటర్లో అంతకు మించియో దళసరి పెరిగియున్నచో పశువునకు క్షయ సోకినదని తీర్పు. ఆ కాకే 1901లో లండను సభలో పశువుల క్షయ మనుష్యులకు పెద్ద ప్రమాదము గాదని పలుకగా, బ్రిటిషు రాయల్ కమిషను పదేండ్లు శ్రమించి 1911లో ఆ మాట తప్పని తేల్చినది. పాలు పొంగి పొయ్యిలో పడు దాక కాచిన గాని నోట పెట్టని మన యిల్లాండ్ర యలవాటు, ఏ శాస్త్రమును చదువకయే, ఎందఱు పిల్లలను కాచెనో!

చర్మపరీక్ష పల్నాటి వంటి చోట ఎంత చిక్కైనదో చూచినవారికే తెలియును. మొదటి దినమున సూదికి నిలిపిన బఱ్ఱెను నాలుగవ దినమున మరల నిలుపవలెను. తండాలో అడిగినచో వచ్చు సమాధానము ఒక్కటే: “మూడ్రోజులకు మళ్లా వస్తే గొడ్లు అడివిలో ఉంటయ్ సారూ.” పైగా బఱ్ఱె చర్మము దళసరి, చేయి కుదురని చోట ఒక మిల్లీమీటరు అటునిటు అగుట యెంత పని! కాబట్టి, పశువును కాక దాని నెత్తుటినే ఒకసారి తీసికొనిపోయి, ఆ నెత్తుటిలోని కణములకే సీసాలో ట్యూబర్‌క్యులిన్ చూపి అవి ఏమనునో వినుట మేలు గదా యన్న తలపు సహజముగనే పుట్టినది. కాని కణములు పలుకు మాట నెవరు వినగలరు?

ఆ మాటలలో మొదట పట్టుబడినది ఇంటర్‌ఫెరాన్. 1957లో లండనులో అలిక్ ఐజాక్స్, జీన్ లిండెన్‌మన్ అనువారు, వైరసు సోకిన కణములు విడుచు ఒక పదార్థము పొరుగు కణములను కాపాడుచున్నదని కనుగొని దానికి ఆ పేరిడిరి. పిమ్మట ఇట్టి ప్రోటీనులు ఒకటొకటిగా బయటపడెను. 1974లో సైటోకైన్ అను మాటయు, 1979లో ఇంటర్‌ల్యూకిన్ అను మాటయు పుట్టినవి. ఇవి నెత్తుటిలో ఎంత కొలదిగ నుండుననగా, సాధారణ రసాయన పరీక్షలకు ఇవి యున్న జాడయే తెలియదు. వీనిని పట్టవలెనన్న, వేయింటిలో ఒక్కదానినే గుర్తించి తక్కినవాటి మొగము చూడని పనిముట్టు కావలెను. ఆ పనిముట్టు కథలో మన తెలుగువాని హస్తము కలదు; అది సాధారణముగ ఎవరును చెప్పరు కనుక ఇచ్చట కొంత నిలిచి చెప్పవలసియున్నది.

చిట్టెలుకకు ఒక పరాయి పదార్థము నెక్కించినచో, దాని ప్లీహములో ప్రతిరక్షకములు చేయు కణములు అనేకము లేచును. ఒక్కొక్క కణము తనకు తెలిసిన ఒక్క రకమునే చేయును. అయితే గాజుపాత్రలో పెట్టిన కొలది దినములకే అవి నశించును. మైలోమా యను కాన్సరు కణములకో, చావు లేదు, అక్కఱకు వచ్చు పనియు లేదు. 1975లో కేంబ్రిడ్జిలో జార్జి కోలర్, సీజర్ మిల్‌స్టైన్ ఈ రెంటికిని పెండ్లి చేసి, ప్లీహకణపు విద్యయు మైలోమా చిరంజీవిత్వమును గల సంకరకణమును పుట్టించిరి. ఒక్క కణపు సంతతి యంతయు ఒక్కటే ప్రతిరక్షకమును చేయును గనుక దానికి మోనోక్లోనల్ అని పేరు. వారు చిట్టెలుకల కెక్కించినది గొఱ్ఱె యెఱ్ఱరక్తకణములను. ఆ కణములను పలుచగ పఱచిన పొరలో, ప్రతిరక్షకమును స్రవించు సంకరకణమున్న చోటనెల్ల చుట్టునున్న ఎఱ్ఱకణములు పగిలి, చంద్రునికి గుడి కట్టినట్లు తేటయైన వలయములు కనబడెను. మాచర్ల జాతి గొఱ్ఱెలకు పేరుపడిన ఈ సీమవారు, శతాబ్దపు గొప్ప ఆవిష్కరణలలో ఒకటి గొఱ్ఱె నెత్తుటి పైననే తేలినదని విన్న సంతోషింపకపోరు. 1984లో వారిరువురికిని, నీల్స్ జెర్నెకును నోబెల్ బహుమానము లభించెను. ఈ విద్యకు పేటెంటు తీసికొనకపోవుటచే లోకము దానిని స్వేచ్ఛగ వాడుకొనినది.

ఇక చిక్కు, పాత్రలో సంకరకణములను ఏరుట యెట్లన్నది. పెండ్లి కాని ప్లీహకణములు తమంత తామే చచ్చును. పెండ్లి కాని మైలోమా కణములను ఎవరు చంపవలెను? అమినాప్టెరిన్ అను మందు, ఫోలిక్ ఆమ్లమునకు విరోధియై, డీఎన్ఏ కట్టుబడికి రాజమార్గమును మూసివేయును. ప్లీహకణపు వారసత్వము గల సంకరకణము సందుదారిని పోయి బ్రతుకును. ఆ దారి లేని మైలోమా కణము చచ్చును. అమినాప్టెరిన్‌తో కణముల నేరు ఈ పద్ధతిని జాన్ లిటిల్‌ఫీల్డ్ 1964లో ఏర్పఱచెను. ఆ అమినాప్టెరిన్ పుట్టినది అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలలో, 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారి నాయకత్వమున. ఆయన బృందము 1945 నాటికి ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగ చేసి, దాని విరోధులను గూడ తయారుచేయగా, వానిలోని అమినాప్టెరిన్‌ను సిడ్నీ ఫార్బర్ పిల్లల ల్యుకేమియాకు వాడి, 1948లో ఫలితములను ప్రకటించెను. ఆ యేడే సుబ్బారావుగారు కన్నుమూసిరి. ఆయన పేరెత్తగనే ఆరియోమైసిన్ అను మందు పేరు చెప్పి ఊరకుండుట మన వాడుక. మోనోక్లోనల్ యాంటీబాడీ పుట్టిన పాత్రలలో పెక్కింట జల్లెడయై నిలిచినది ఆయన యింటి మందే యని నా మతము. ఇందులో అతిశయోక్తి లేదు.

ఈ విద్య చేతికందగనే మనుష్యుల సైటోకైన్లకును చిట్టెలుకల సైటోకైన్లకును ప్రతిరక్షకములు వరుసగ వెలువడెను. పశువునకు మాత్రము ఆలస్యమైనది. మనుష్యుని ఇంటర్‌ఫెరాన్ గామాకై చేసిన ప్రతిరక్షకము ఆవు ఇంటర్‌ఫెరాన్‌ను సాధారణముగ గుర్తింపదు. ఒక యూరి తాళపుచెవి మఱియొక యూరి తాళమునకు పట్టనట్లే. ఆవు ఇంటర్‌ఫెరాన్ గామా జన్యువు 1986లో వెలికివచ్చిన పిదప, ఆ ప్రోటీనును కావలసినంత చేసి, చిట్టెలుకల కెక్కించి, పశువునకే చెందిన తాళపుచెవులను చేయుట సాధ్యమయ్యెను. క్షయనిర్మూలనకు 1970 నుండి పోరాడుచున్న ఆస్ట్రేలియాలో పాల్ వుడ్, జేమ్స్ రోథెల్ మొదలగువారు 1990లో దీనిని పరీక్షగా రూపొందించిరి.

పరీక్ష యిది: హెపరిన్ కలిపిన నెత్తుటిని గుంటలుగల పలకలో పోసి, ఒక గుంటలో పశుక్షయ ట్యూబర్‌క్యులిన్, ఇంకొక గుంటలో పక్షిక్షయ ట్యూబర్‌క్యులిన్, మూడవదానిలో ఉత్త ఉప్పునీరు చేర్చి, రాత్రియంతయు ఒంటివేడిమిలో ఉంచుదురు. మునుపే క్షయను ఎఱిగిన టీ కణములను రక్షణకణములు తెల్లవాఱు వఱకు ఇంటర్‌ఫెరాన్ గామాను విడుచును. మఱునాడు పైన తేలిన ప్లాస్మాను తీసి, ఒక మోనోక్లోనల్‌ను అడుగున అంటించిన పలకపై వేసి, పట్టుబడిన ఇంటర్‌ఫెరాన్‌పై రంగునిచ్చు రెండవ ప్రతిరక్షకమును కూర్చి కొలుచుదురు. పక్షిక్షయ గుంట పెట్టుట యెందుకనగా, నేలలోను నీటిలోను ఉండు బంధుక్రిములకు అలవాటుపడిన పశువును తప్పుగ దోషిని చేయకుండుటకు. ఆస్ట్రేలియా 1997 చివరికి పశుక్షయ నుండి విముక్తమైనట్లు ప్రకటించుకొనినది.

ఇంగ్లండులోని కాంప్టన్ పరిశోధకులు అటు పిమ్మట ఈ తాళపుచెవుల గుత్తిని పెంచిరి: ఇంటర్‌ఫెరాన్ గామాకు సీసీ 302, ఇంటర్‌ల్యూకిన్ 4కు సీసీ 303, ఇంటర్‌ల్యూకిన్ 10కి సీసీ 318, 320. పేర్లు మోటుగనున్నను ప్రయోజనము పెద్దది. ఏ టీకా ఏ కబురును పుట్టించుచున్నదో వీనితోనే తెలియును. చిట్టెలుకలలో 1986లో కనుగొనిన రెండు తెగల సహాయక టీ కణముల విభజన పశువులలో అంత తేటగా లేదని తేలినదియు ఇట్టి పనిముట్ల వలననే. పల్నాటికి దీనిలో ఒక లాభము దొరకినది. ఆవుకై చేసిన ప్రతిరక్షకము బఱ్ఱె ఇంటర్‌ఫెరాన్‌ను గూడ పట్టుకొనును. దగ్గఱి చుట్టఱికము గనుక ఇచ్చట తాళము కలిసినది. పాడియన్న బఱ్ఱెయే యని తలచు వెల్దుర్తి వంటి చోట ఇది చిన్న సంగతి గాదు.

అయితే నెత్తురు బ్రతికి యుండవలెను. ప్రతిరక్షకములకై తీసిన రసిని మంచులో పెట్టి పంపవచ్చును. ఇంటర్‌ఫెరాన్ పరీక్షకు మంచు పనికిరాదు, ఎండయు పనికిరాదు, కణములు చావకముందే, గంటల లోపల, ప్రయోగశాల చేరవలెను. రెంటచింతల యెండ యెట్టిదో ఎఱిగినవారికి ఆ ప్రయాణము ఎట్టిదో చెప్పనక్కఱలేదు. 2018లో వెలువడిన ఒక సమీక్ష, భారతదేశపు పశువులలో వందకు 7.3 వంతున, అనగా రెండు కోట్ల పదునెనిమిది లక్షలకు క్షయ సోకియుండునని లెక్కకట్టినది. సోకినదానిని చంపివేయుట పాశ్చాత్యుల మార్గము. ఇచ్చట అది చెల్లదు. అందుచే మనుష్యుల బీసీజీ టీకానే దూడలకు వేయుట, టీకా పొందినదానిని రోగము గలదాని నుండి వేఱుచేయుటకు బీసీజీలో లేని ప్రోటీనులతో పరీక్ష చేయుట అను దారిని శాస్త్రజ్ఞులు పట్టిరి. ఇందును చివరి తీర్పు చాల చోట్ల ఇంటర్‌ఫెరాన్ గామాదే.

పశువుల కొఱకు పుట్టిన ఈ పరీక్షను ఆస్ట్రేలియావారే మనుష్యులకు అనువుగ మలచి, క్వాంటిఫెరాన్ అను పేర 2001లో అమెరికా అనుమతి పొందిరి. నేడు పట్నపు లాబొరేటరీలో రైతు తన చేతినుండి నాలుగు చిన్న గొట్టములలో నెత్తురిచ్చి, తనకు క్షయ దాగియున్నదో లేదో తెలిసికొని బస్సెక్కుచున్నాడు. ఇల్లు చేరి కొట్టములోనికి వంగి చూచినచో, ఆ పరీక్షకు పుట్టినిల్లయిన పశుకులములోని అతని బఱ్ఱె, దాపటి మెడపై గొఱిగిన చదరపు మచ్చతో, నాలుగవ దినమున కొలమానము పట్టుకొని వచ్చు మనిషి కొఱకు కట్టుగొయ్య వద్ద నిలిచియుండును.