నెత్తుటి లెక్కలు

పసివాని వ్రేలికొనను గ్రుచ్చి తీసిన రక్తబిందువును సూక్ష్మదర్శిని క్రింద నుంచి శ్వేతకణములను లెక్కించు పద్ధతి పందొమ్మిదవ శతాబ్దముననే నెలకొన్నను, ఆ లెక్కలో తీవ్రమైన లుకేమియా అను నెత్తుటి క్యాన్సరు బయటపడినప్పుడు తల్లిదండ్రులకు నమ్మికతో చెప్పదగిన ఆశావచనము 1947 వఱకు వైద్యులకడ లేకుండెను. ఆ యేటి చివర బోస్టను బాలల ఆస్పత్రిలో సిడ్నీ ఫార్బరు అను వైద్యుడు, మన భీమవరమున 1895లో జన్మించి అమెరికాలో లెడర్లీ ఔషధసంస్థ పరిశోధనలకు అధిపతియైన యల్లాప్రగడ సుబ్బారావుగారి బృందము సిద్ధపఱచిన అమినోప్టెరిను అను ఔషధమును ఆ వ్యాధిగల పసివారికిచ్చి, మరల మరల నెత్తురు పరీక్షింపగా, 16 మందిలో 10 మందికి గుణము కనబడెను. అది తాత్కాలికమే; అయినను, అంతదాక భయమును మాత్రమే తెచ్చిన ఆ అంకెలు మేలుదారిని పట్టుటయు సాధ్యమేయని ఒక తల్లికి తెలియుట అల్పవిషయము కాదు. ఈ ఫలితములు 1948 జూనులో ప్రకటితములయ్యెను. ఆ ఆగస్టులోనే సుబ్బారావుగారు కన్నుమూసిరి.