జెబం, ప్రార్థన

1960 దాకా సత్యవేడు మద్రాసు రాష్ట్రంలోని చెంగల్పట్టు జిల్లాది. ఇప్పటికీ తమిళ పొలిమేరే. అందుకే అటువైపు క్రైస్తవుల ‘జెబం’, మన ‘ప్రార్థన’ రెండూ ఇక్కడికి దగ్గరే. ప్రార్థన అంటే అడగడం, వేడుకోవడం. జెబం సంస్కృత ‘జపం’ నుంచి వచ్చింది. ఆ మాట ధాతువుకు గొణగడం, లోగొంతుతో పలకడం అని అర్థం. కథోలికుల జపమాలలో ఉన్నదీ అదే. మోకాళ్లూని కూడా ఏమడగాలో తోచని విశ్వాసికి జెబం అన్న మాటే ఎక్కువ ఆసరా అని నా నమ్మకం. రోమీయులకు రాసిన పత్రిక 8వ అధ్యాయంలో పౌలు అంతటివాడే, ఎలా ప్రార్థించాలో మనకు తెలియదని ఒప్పుకున్నాడు. మన బలహీనతలో ఆత్మే మూలుగులతో మన పక్షాన వేడుకుంటాడన్నాడు. మాటలు కుదరక ప్రార్థన మానేసినవాళ్లకు సంఘంలో ముందుగా చెప్పవలసింది ఇది.