హైదరాబాదు - ఆంధ్ర రంజీ ట్రోఫీ మ్యాచ్ (1993-94)

1993-94 రంజీ ట్రోఫీలో సికింద్రాబాదులో హైదరాబాదు, ఆంధ్ర క్రికెట్ జట్ల మధ్య జరిగిన మ్యాచ్ భారతదేశపు ఫస్ట్‌క్లాస్ క్రికెట్ గణాంకాలలో ప్రముఖ స్థానము పొందినది. ఈ మ్యాచ్‌లో హైదరాబాదు జట్టు 6 వికెట్ల నష్టానికి 944 పరుగులు చేసి ఇన్నింగ్స్ డిక్లేర్ చేసింది. రంజీ ట్రోఫీలో ఒక జట్టు సాధించిన అత్యధిక స్కోరు ఇదే.

నేపథ్యము

అప్పట్లో ఈ రెండు జట్లూ ఒకే రాష్ట్రానికి చెందినవి. రంజీ ట్రోఫీ ప్రారంభమైన 1934-35 నుండి హైదరాబాదు జట్టు ఆడుతున్నది. 1937-38, 1986-87లలో ట్రోఫీ గెలుచుకున్నది. కోస్తా, రాయలసీమ జిల్లాలకు ప్రాతినిధ్యం వహించే ఆంధ్ర జట్టు 1953-54లో రంజీలో ప్రవేశించింది. అంతకు మూడేళ్ళ క్రితం 1990-91లో బొంబాయి జట్టు హైదరాబాదుపై 855/6 స్కోరు చేసింది. అందులో సంజయ్ మంజ్రేకర్ 377 పరుగులు సాధించాడు. అంతటి స్కోరు సమర్పించుకున్న హైదరాబాదే తరువాత దానిని మించిన స్కోరు చేయడం విశేషం.

స్కోరు వివరాలు

ఎం.వి.శ్రీధర్ - 366
వివేక్ జయసింహ - 211
నోయెల్ డేవిడ్ - 207 (నాటౌట్)
ఇతర బ్యాట్స్‌మెన్, ఎక్స్‌ట్రాలు - 160
మొత్తం - 944/6 (డిక్లేర్డ్)

ముగ్గురు బ్యాట్స్‌మెన్ కలిసి 784 పరుగులు, అనగా మొత్తం స్కోరులో 83 శాతం సాధించారు. శ్రీధర్ క్రీజులో ఉన్న సమయంలో జట్టు స్కోరు 30 నుండి 880కి చేరింది. ఒక బ్యాట్స్‌మన్ క్రీజులో ఉండగా జట్టు 850 పరుగులు చేయడం ప్రపంచ రికార్డుగా నమోదైనది. ఆ 850లో 484 పరుగులు అవతలి వైపు బ్యాట్స్‌మెన్, ఎక్స్‌ట్రాల ద్వారా వచ్చినవే.

రికార్డులలో స్థానము

అంతకు పూర్వము భారత్‌లో అత్యధిక స్కోరు 912. దీనిని హోల్కర్ (1945-46, మైసూరుపై), తమిళనాడు (1988-89, గోవాపై) సాధించాయి. ప్రపంచ ఫస్ట్‌క్లాస్ క్రికెట్‌లో విక్టోరియా (1107, 1059), సింధ్ (951/7) స్కోర్ల తరువాత హైదరాబాదు స్కోరు నాలుగవదిగా నిలిచింది. 1997లో కొలంబో టెస్టులో శ్రీలంక భారత్‌పై 952/6 చేయడంతో అయిదవ స్థానానికి చేరింది.

రంజీలో వ్యక్తిగత స్కోర్లలో శ్రీధర్ 366 అప్పటికి బి.బి.నింబాల్కర్ (443 నాటౌట్), మంజ్రేకర్ (377) తరువాత మూడవది. 2023లో పృథ్వీ షా 379 పరుగులు చేయడంతో నాలుగవదైనది. 2024 జనవరిలో అరుణాచల్ ప్రదేశ్‌పై హైదరాబాదు ఓపెనర్ తన్మయ్ అగర్వాల్ కూడా సరిగ్గా 366 పరుగులే చేసి దానిని సమం చేశాడు. అయితే ఆ ఇన్నింగ్స్‌లో హైదరాబాదు 615/4 వద్ద డిక్లేర్ చేసింది.

క్రీడాకారులు

శ్రీధర్ 1966లో విజయవాడలో జన్మించాడు. ఆంధ్ర ప్రాంతంలో పుట్టి, ఆంధ్ర జట్టుపైనే తన అత్యధిక స్కోరు సాధించాడు. వృత్తిరీత్యా వైద్యుడు. ఇంతటి ఇన్నింగ్స్ ఆడినప్పటికీ భారత జట్టులో ఆడే అవకాశం ఆయనకు లభించలేదు. తరువాత భారత క్రికెట్ బోర్డులో క్రికెట్ కార్యకలాపాల జనరల్ మేనేజరుగా పనిచేసి, 2017 అక్టోబరు 30న మరణించాడు. వివేక్ జయసింహ మాజీ టెస్టు క్రీడాకారుడు ఎం.ఎల్.జయసింహ కుమారుడు. ముగ్గురిలో భారత జట్టుకు ఎంపికైనది నోయెల్ డేవిడ్ మాత్రమే. అతడు 1997లో 4 వన్డేలు ఆడాడు.