ఒక్కసారే వచ్చిన కప్పు

సంతోష్ ట్రోఫీ గెలిచిన జట్ల పట్టికలో ఆంధ్రప్రదేశ్ అన్న పేరు ఒక్కచోటే ఉంది. 1965-66 ఎదురుగా. ఇంకాస్త పైకి పోతే 1956-57, 1957-58 ఎదురుగా హైదరాబాద్ అని రెండుసార్లు కనిపిస్తుంది. కిందికి మాత్రం ఎంత దూరం వేలు జరుపుకుంటూ వెళ్ళినా మన పేరు తగలదు. బెంగాల్, పంజాబ్, కేరళ, గోవా, సర్వీసెస్, మళ్ళీ బెంగాల్. దగ్గర దగ్గర అరవై ఏళ్ళ పొడుగునా అంతే. ఆ పట్టిక చూసినప్పుడల్లా తాళం పడ్డ మండువా లోగిలి ముందు నిలబడినట్టుంటుంది నాకు. గుమ్మానికి పసుపు మరక ఇంకా ఉంటుంది. పిలిస్తే పలికేవాళ్ళే ఉండరు.

చిన్నప్పుడు సంతోష్ అంటే సంతోషమే అనుకునేవాళ్ళం. గెలిచినవాళ్ళకి సంతోషం కదా, అందుకే ఆ పేరని. అదొక ఊరి పేరని తర్వాత తెలిసింది. సంతోష్ సంస్థానాధీశుడు మన్మథనాథ్ రాయ్ చౌధురి బెంగాల్ ఫుట్‌బాల్ సంఘానికి పెద్దగా ఉండేవాడు. 1939లో ఆయన పోయాక, ఆయన జ్ఞాపకంగా 1941లో రాష్ట్రాల జట్లకి ఈ జాతీయ పోటీ మొదలుపెట్టారు. ఆరేళ్ళు తిరిగేసరికి దేశం రెండయింది. ఆ సంతోష్ అవతలి వైపు పడిపోయింది. ఇప్పుడది బంగ్లాదేశ్‌లో టంగాయిల్ దగ్గర ఉంది. ఊరు చేజారిపోయినా దాని పేరు మాత్రం కప్పు మీద మిగిలింది.

ఆ పేరు నేను మొదట విన్నది మా డ్రిల్లు మేష్టారి నోట.

మా ఊళ్ళో ఆటస్థలం లేదు. కోనసీమలో నేలంటే చేను, కాకపోతే కొబ్బరితోట. సార్వా కోతలయ్యాక, దాళ్వాకి కాలవ నీళ్ళు పెట్టేదాకా, మధ్యలో ఓ మూడు నాలుగు వారాలు చేలు ఖాళీగా ఉండేవి. అదే మా మైదానం. అటు రెండు, ఇటు రెండు కొబ్బరి మట్టలు పాతితే అవే గోల్‌పోస్టులు. వరి మోళ్ళు అరికాళ్ళలో గుచ్చుకునేవి. వాటి మీద పడ్డ బంతి ఎటు ఎగురుతుందో ఎవరికీ తెలిసేది కాదు.

మేష్టారి దగ్గర ఒక్క తోలు బంతి ఉండేది. లోపలి బ్లాడరుకి చిల్లు పడితే సైకిల్ షాపులో అతుకు వేయించుకొచ్చేవారు. పంపుతో గాలి కొట్టి, బ్లాడరు మూతి పురికొసతో బిగించి, దాన్ని లోపలికి తోసి, బూటు లేసు కట్టినట్టు తోలుతాడు అల్లి ముడేసేవారు. ఆ ముడి ఉన్న వైపు నుదుటికి తగిలితే కళ్ళు బైర్లు కమ్మేవి. చేలల్లోకి నీళ్ళొచ్చే రోజున ఆ బంతికి కొబ్బరినూనె పట్టించి, గోనెగుడ్డలో చుట్టి, అటకెక్కించేవారు. ఆ నూనె రాస్తున్నప్పుడే ప్రతి ఏడూ కొల్లంలో జరిగిన ఆ 1965-66 ఫైనల్ గురించి చెప్పేవారు. "మనవాళ్ళు బెంగాల్‌ని కొట్టారర్రా!" అని. అప్పటికి ఆ గెలుపు పాతబడి చాలా ఏళ్ళయింది. ఆయన గొంతులో మాత్రం అది నిన్ననే జరిగినట్టు ఉండేది. ఆయన హైదరాబాద్ చూసినవారు కాదు. ఆ కుర్రాళ్ళలో ఒక్కరినీ కలిసినవారు కాదు. రాష్ట్రం పేరు ఒక్కటి కలిసినందుకే వాళ్ళు ఆయనకి మనవాళ్ళయిపోయారు.

ఆ మనవాళ్ళు ఎక్కడినుంచి వచ్చారంటే, ఒక బడిపంతులు చేతుల్లోంచి వచ్చారు. సయ్యద్ అబ్దుల్ రహీం. హైదరాబాద్‌లో అందరూ రహీం సాబ్ అనేవారు. బళ్ళో పాఠాలు చెబుతూ, వ్యాయామ విద్య చదువుకుని, 1950లో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకి కోచ్ అయ్యారు. ఆ ఏడు బొంబాయిలో రోవర్స్ కప్పు గెలిచారు. మరుసటి ఏడూ గెలిచారు. 1954 దాకా వరసగా అయిదేళ్ళు దాన్ని ఇంకొకరి చేతికి పోనివ్వలేదు. డ్యూరాండ్ కప్పూ తెచ్చారు. ఢిల్లీలో 1951 ఏషియన్ గేమ్స్ స్వర్ణం, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో సెమీఫైనల్, రెండింటికీ దేశపు జట్టు కోచ్ ఆయనే.

ఆ కప్పుల లెక్క కంటే ఆయన కుర్రాళ్ళని తయారుచేసిన పద్ధతి నన్ను ఎక్కువ కదిలిస్తుంది. డ్రిబ్లింగ్ చెయ్యకూడదన్న నియమంతో పోటీలు పెట్టేవారు. బంతి వచ్చిందా, వెంటనే ఇంకొకడికి ఇచ్చెయ్యాలి. వాటం లేని కాలితోనే ఆడాలని ఇంకో పోటీ. చిన్నపిల్లలకు, పొట్టివాళ్ళకు అవకాశం పోకుండా, ఎత్తును బట్టి, బరువును బట్టి వేరేగా పోటీలు. సికింద్రాబాద్ అమ్ముగూడ కుర్రాడు తులసీదాస్ బలరామ్ అంతదూరం రోజూ ప్రాక్టీసుకి రాలేనంటే, సైకిలు అద్దెకి డబ్బులు రహీం సాబే చేతిలో పెట్టారు. ఆ బలరామే మెల్‌బోర్న్ వెళ్ళాడు.

మా వైపు దీన్ని ఆకుమడి అంటారు. పొలమంతా కళకళలాడాలంటే ముందు ఓ మూల చిన్న మడిలో విత్తనం చల్లి, పిట్టలు వాలకుండా కాపలా కాసి, నీళ్ళు ఎక్కువైతే తీసి, తక్కువైతే పెట్టి, నారు పెంచాలి. చూసేవాళ్ళకి కనిపించేది పొలమే. రైతుకి నిద్ర పట్టనివ్వనిది మాత్రం ఆకుమడి. రహీం సాబ్ హైదరాబాద్ బస్తీల్లో పెంచింది అదే.

1956 నవంబరు 1న హైదరాబాద్ రాష్ట్రం దేశపటంలోంచి తొలగిపోయింది. సంతోష్ ట్రోఫీలో మాత్రం ఆ పేరు ఇంకా బతికే ఉంది. 1956-57లో తిరువనంతపురంలో బొంబాయి మీద గెలిచింది. మరుసటి ఏడు సొంత ఊళ్ళోనే, మళ్ళీ బొంబాయినే ఓడించి కప్పు నిలుపుకుంది. తర్వాత ఆంధ్ర, హైదరాబాద్ ప్రాంతాల ఫుట్‌బాల్ సంఘాలు రెండూ కలిశాయి. హైదరాబాద్ జట్టు ఆంధ్రప్రదేశ్ జట్టయింది.

ఇక్కడే నా గుండె మొదటిసారి ఆగుతుంది. పేర్లు కలిసిన ఆ రోజుల్లో రహీం సాబ్ బతికే ఉన్నారు. ఆయన పోటీల్లాంటివి కాకినాడలోనో, రాజమండ్రిలోనో, ఏలూరులోనో ఒక్కో మడి చొప్పున వేసి ఉంటే? లంకల్లో పుట్టి, ఇసుకలో పరుగెత్తి పిక్కలు గట్టిపడిన పిల్లలున్నారు. ఎదురీది గోదావరి దాటే పిల్లలున్నారు. ఆ ఆకుమళ్ళు మా వైపు పడలేదు. మా మేష్టారు మనవాళ్ళు అన్నారే గానీ, ఆ మనలో మా మోళ్ళ మీద పరుగెత్తిన కాళ్ళు లేవు.

ఇక 1962 సెప్టెంబరు 4, జకార్తా. ఏషియన్ గేమ్స్ ఫైనల్. లక్షమంది దాకా జనం, అందులో ఎక్కువమంది మన మీద కోపంగా ఉన్నవాళ్ళే. రేపు నాకో కానుక ఇవ్వండని ముందురోజు రహీం సాబ్ కుర్రాళ్ళని అడిగారంటారు. వాళ్ళు ఇచ్చారు. దక్షిణ కొరియా మీద 2-1. స్వర్ణం. అప్పటికే ఆయన్ని కేన్సరు తినేస్తోంది. 1963 జూన్ 11న వెళ్ళిపోయారు. 53 ఏళ్ళు. బలరామ్ కూడా అనారోగ్యంతో ఆ ఏడే ఆట మానేశాడు.

మడి కాపలాదారు పోయాడు. పెరిగిన నారు మాత్రం ఇంకా పచ్చగా ఉంది. ఆ పచ్చదనమే కొల్లం గెలుపు. 1965-66 ఫైనల్లో ఎదురుగా బెంగాల్. మొదటి ఆట 1-1. మళ్ళీ ఆడించారు. ఆంధ్రప్రదేశ్ 1, బెంగాల్ 0. ఇంత చిన్న అంకె మీద మా మేష్టారు ఒక జీవితకాలం బతికారు.

ఆ జట్టులో మహమ్మద్ హబీబ్ అని పదహారేళ్ళ కుర్రాడున్నాడు. నయీముద్దీన్, అఫ్జల్ ఉన్నారు. ఓడిపోయిన బెంగాల్ వాళ్ళు ఊరికే ఇంటికి పోలేదు. తమని ఓడించినవాళ్ళని గుర్తుపెట్టుకున్నారు. ఆ 1966లోనే ముగ్గురినీ ఈస్ట్ బెంగాల్ క్లబ్బు కలకత్తా తీసుకుపోయింది. తప్పు పట్టడానికి లేదు. అక్కడ ఆటకి డబ్బుంది. స్టాండ్లు నిండా జనం ఉన్నారు. గోల్ కొట్టినవాడి పేరు మర్నాడు టీకొట్టు దగ్గర పలుకుతారు. నారు పీకి ఇంకో పొలంలో నాటడం తప్పు కాదు, నారు ఉన్నదే అందుకు. పీకిన మడిలో మళ్ళీ విత్తనం చల్లకపోవడమే ఇక్కడ జరిగిన ఘోరం.

మరుసటి ఏడు, 1966-67 పోటీ హైదరాబాద్‌లోనే పెట్టారు. విజేతలు సొంత ఊళ్ళో, సొంత జనం ముందు ఆడే అవకాశం. కప్పు ఇంట్లోనే ఉంది, గడప దాటకుండా ఆపుకుంటే చాలు. ఫైనల్లో నిలిచినవి రైల్వేస్, సర్వీసెస్. మనం లేము. కప్పు రైల్వేస్‌తో రైలెక్కింది. ఆ రాత్రి ఎవరికైనా అనిపించి ఉంటుందా, ఇక ఇది ఇటు రాదని? అనిపించి ఉండదు. వచ్చే ఏడు చూసుకుందాం అనుకునే ఉంటారు. మనం పోగొట్టుకున్నవన్నీ ఆ మాట అనుకుంటూనే పోగొట్టుకున్నాం.

1969లో నౌగాంగ్‌లో బెంగాల్ మళ్ళీ గెలిచింది. ఫైనల్లో సర్వీసెస్ మీద ఆరు గోల్స్ కొడితే అయిదు హబీబ్‌వి. మన హబీబ్‌వి. కాలు మనది, చొక్కా వాళ్ళది. 1970లో బ్యాంకాక్ ఏషియన్ గేమ్స్‌లో దేశానికి కాంస్యం తెచ్చిన జట్టు కెప్టెన్ నయీముద్దీన్. 1977లో పెలే ఉన్న కాస్మోస్ జట్టు కలకత్తా వచ్చినప్పుడు, మోహన్ బగాన్ తరఫున గోల్ కొట్టినవారిలో హబీబ్ ఉన్నాడు. ఒక్కో వార్త పేపర్లో వచ్చినప్పుడు మా మేష్టారు "మనవాడే" అనేవారు. అంటూ అంటూ గొంతు తగ్గించేవారు.

తర్వాతి కథ తొందరగా చెప్పేస్తాను. దాని దగ్గర నిలబడలేను. సంఘాల్లో తగాదాలు, సాగని లీగులు, ఇళ్ళు లేచిన మైదానాలు, తగ్గిపోయిన ఉద్యోగాలు. పోలీసు జట్టు పేరు పాతవాళ్ళ మాటల్లోకి వెళ్ళిపోయింది. 2014లో రాష్ట్రం రెండయ్యాక, ఆ ఒక్క కప్పుకి వారసులెవరో చెప్పేవాళ్ళు కూడా లేరు.

ఆటగాళ్ళూ వెళ్ళిపోయారు. జీవితం చివరి ఏళ్ళన్నీ హుగ్లీ ఒడ్డున ఉత్తర్‌పారాలో గడిపిన బలరామ్ 2023 ఫిబ్రవరి 16న అక్కడే బెంగాల్‌లో కన్ను మూశాడు. అదే ఏడు ఆగస్టు 15న హైదరాబాద్‌లో హబీబ్ పోయాడు. జ్ఞాపకాలు చెరిపేసే జబ్బుతో పోయాడు. మనమెలాగూ మరిచాం. చివరికి ఆయనకి కూడా కొల్లం గుర్తుందో లేదో.

2024 డిసెంబరులో సంతోష్ ట్రోఫీ హైదరాబాద్ వచ్చింది. 1966-67 తర్వాత ఇన్నాళ్ళకి. ఫైనల్ గచ్చిబౌలి స్టేడియంలో. ఆ స్టేడియం పేరు చదివితే మా కోనసీమవాళ్ళకి కాళ్ళు ఆగిపోతాయి. జి.ఎం.సి. బాలయోగి. గౌతమి ఒడ్డున ఎదుర్లంకలో పుట్టి, లోక్‌సభ స్పీకర్ కుర్చీలో కూర్చున్న మనిషి. 2002 మార్చి 3న భీమవరం నుంచి తిరిగొస్తుంటే, ఆయన ఎక్కిన హెలికాప్టర్ కైకలూరు దగ్గర చేపల చెరువులో కూలింది. ఆయనకి అప్పుడు 50 ఏళ్ళు. ఆ ఏడు డిసెంబరులో హైదరాబాద్‌లో జాతీయ క్రీడలు జరిగాయి. వాటికోసం కట్టిన స్టేడియానికి ఆయన పేరు పెట్టారు. ఈ ఆటలో మా లంకల వాటా ఏదైనా ఉందంటే, ఆ గేటు మీది పేరే.

ఆ స్టేడియంలోనే 2019లో పుట్టిన హైదరాబాద్ ఎఫ్‌సీ ఆడేది. 2021-22లో ఇండియన్ సూపర్ లీగ్ గెలిచినప్పుడు, మడి మళ్ళీ తడిసిందనుకుని నేను ఏడ్చాను. మూడేళ్ళకి డబ్బులు లేక, పేరు మార్చుకుని, ఢిల్లీ వెళ్ళిపోయింది.

ఆ 2024 డిసెంబరు 31 రాత్రి, సంతోష్ ట్రోఫీ ఫైనల్ నేను అమలాపురం దగ్గర మా ఇంటి అరుగు మీద ఫోన్‌లో చూశాను. బెంగాల్, కేరళ. ఆతిథ్యం ఇచ్చిన తెలంగాణ క్వార్టర్ ఫైనల్ దాకా కూడా రాలేకపోయింది. ఆట అయిపోతోందనగా, ఇంజురీ టైమ్‌లో రాబి హన్స్‌దా గోల్ కొట్టాడు. బెంగాల్‌లో ఓ పల్లెటూళ్ళో పెరిగిన కుర్రాడు. వాళ్ళకి అది 33వ కప్పు. బాలయోగి పేరున్న స్టేడియంలో, దీపాల కింద, ఆ కుర్రాళ్ళు కప్పు పైకెత్తి గంతులు వేశారు. నాకు వాళ్ళ మీద అసూయ కలగలేదు. ఎవరో పిల్లని అడిగి తీసుకెళ్ళి, చక్కగా పెంచుకుంటుంటే చూసినట్టుంది.

ఫోన్ ఆపేసి బయటికి చూశాను. కోతలైపోయాయి. మంచు దిగి, చేనంతా మోళ్ళు తెల్లగా ఉన్నాయి. ఇంకో పది రోజుల్లో నీళ్ళు పెడతారు. గట్ల పక్కన కొబ్బరి మట్టలు రాలి పడి ఉన్నాయి గానీ, పాతినవి ఎక్కడా లేవు. మేష్టారు పోయి చాలా కాలమైంది. ఆ బంతి ఎవరి అటక మీద ఉందో.