బర్మా రణరంగమున మా మేనమామగారు

మన గోదావరి డెల్టా గ్రామములకు రంగూను పరదేశము కాదు. కోరంగి రేవున ఓడ యెక్కిపోయిన కూలిజనము మూలముననే బర్మాలో తెలుగువారికి ‘కోరంగీలు’ అను పేరు స్థిరపడినది. రేవు పూడిపోయినను పేరు పోలేదు. 1942లో జపాను సైన్యము బర్మాను ఆక్రమింపగా అరకాను త్రోవను, మణిపురము త్రోవను కాలినడకను మరలివచ్చినవారి కథలను పెద్దలవలన వినినవారు మన పల్లెలలో నేటికిని గలరు. అయితే ఆ జనము పడమటికి నడచుటకు సిద్ధమగుచున్న దినములలోనే తూర్పునకు పంపబడిన మనవారును గలరు. వారు యుద్ధోద్యోగులు. వారిని గూర్చి మనము చెప్పుకొనుట తక్కువ. అట్టివారిలో మా పెద్ద మేనమామగా రొకరు.

ఆయన కాకినాడలో మోటారు పని నేర్చి, 1940లో వైమానికదళమున చేరిరి. ఇంటివారికి తెలిసిన దింతియే. బంధువులలో ఆయనను గూర్చి రెండు మాటలు వాడుకలో నుండెను. ఒకటి, ఆయన విమానము నడిపి జపానువారిపై బాంబులు వేసెనని. ఇది పిల్లలు చెప్పుకొనునది. రెండవది పెద్దల మాట: తండ్రికి తలకొరివి పెట్టుటకు రాని కొడుకని. మా మాతామహులు మరణించినప్పుడు తంతి యిచ్చిరి, జాబులు వ్రాసిరి. ఆయన రాలేదు, బదులు వ్రాయలేదు. తమ్ముడు కర్మ చేసెను. యుద్ధానంతరము ఇంటికి వచ్చిన పిదపను ఆయన దీనికి సమాధానము చెప్పలేదు. నలుబదియేండ్లు ఆ మాట పడుచునే యుండిరి.

ఆయన గతించిన చాలకాలమునకు ట్రంకుపెట్టె నా యొద్దకు చేరినది. అందులో ఒక విడుదల పత్రము, ఆరు మొనల కంచు నక్షత్ర మొకటి ఉండెను. నక్షత్రపు నాడా ముదురునీలి రంగు. నడుమ ఎఱ్ఱని వెడల్పు చార, ఇరుప్రక్కల నారింజచారలు. ఇది బర్మా నక్షత్రము. 1941 డిసెంబరు 11 మొదలు 1945 సెప్టెంబరు 2 వరకు జరిగిన బర్మా యుద్ధమున పాల్గొనినవారికి ఇయ్యబడినది. భారతీయుల కిచ్చిన యుద్ధపతకములలో కొన్నిటి అంచున సంఖ్యయు పేరును చెక్కబడి యుండును గనుక, ఇంట నట్టివి యున్నవారు భూతద్దముతో అంచును చూడవలయును. పత్రములో నున్న విషయములు మూడు: ఆయన సర్వీసు సంఖ్య, ఫిట్టరు అను వృత్తి, ఒకటవ స్క్వాడ్రను అను దళనామము. ఫిట్టరు అనగా ఇంజను బాగుచేయువాడు. కనుక పిల్లల కథ అక్కడనే ముగిసినది.

ఒకటవ స్క్వాడ్రను మన వైమానికదళమునకు మూలదళము. 1933 ఏప్రిల్ 1న కరాచీలోని డ్రిగ్ రోడ్డు స్థావరమున నాలుగు వాపిటి విమానములతో దాని మొదటి ఫ్లైటు ఏర్పడినది. యంత్రపు పనివారిని ఆనాడు ‘హవాయి సిపాయిలు’ అనెడివారు. ఆ చిన్న దళము యుద్ధాంతమునకు సుమారు 28,500 మందిగల సేనయైనది. వారిలో అధికారులు సుమారు 1,600 మంది మాత్రమే. తక్కినవారు దాదాపు అందరును మా మేనమామగారివలె నేలమీద పనిచేసినవారే. అయినను గ్రంథములలో పేర్లు కనబడునది ఆకాశమున నెగిరినవారివి.

ఈ దళము 1942 ఫిబ్రవరి 1వ తేదిని బర్మాలోని టౌంగూ చేరినది. నాయకుడు స్క్వాడ్రను లీడరు కరుణ్ కృష్ణ మజుందార్. విమానములు లైసాండరులు. ఇవి సైన్యమునకు దారి చూచుటకును, వార్తలు చేరవేయుటకును నిర్మించిన మందగమనపు విమానములేగాని బాంబుల విమానములు కావు. దళము చేరినంతనే జపాను విమానములు టౌంగూపై బాంబులు వేసెను. మరునాడు మజుందార్ తన లైసాండరునకు 250 పౌనుల బాంబులు రెండు కట్టించి, రెండు బఫెలో యుద్ధవిమానములు తోడురాగా, థాయిలాండులోని మేహాంగ్‌సాన్ విమానాశ్రయముపై దాడిచేసెను. ఆ మరునాడు దళము దళమంతయు నదే పనికి బయలుదేరెను. ఇట్టి పనికి పుట్టని విమానములకు బాంబులు కట్టి, తూటాలు పడిన రెక్కలు అతికి, ఆరుబయట ఇంజనులు విప్పి బిగించి, మరల ప్రొద్దుటికి సిద్ధముచేసినవారెవరు? వారి పెద్ద వారంట్ ఆఫీసరు హర్జిందర్ సింగ్. ఆయన హవాయి సిపాయిగా చేరి కడపట ఎయిర్ వైస్ మార్షల్ పదవి నందినవాడు. బర్మా సేవకు మజుందార్‌కు డి.ఎఫ్.సి., హర్జిందర్ సింగ్‌కు ఎం.బి.ఇ. లభించినవి. నేలమీది పనికి అట్టి గౌరవము దక్కుట అరుదు. నా మట్టుకు ఆ రెండవ బిరుదమే యెక్కువ ప్రీతికరము. మార్చి 8న రంగూను పడిపోయెను. ఆ నెలలోనే దళము స్వదేశమునకు మరలినది.

ఇక పెద్దల మాట సంగతి. మా మాతామహులు గతించినది వృష సంవత్సర మాఘ బహుళములో. ఇంటిలో తద్దినపు తిథి తెలియునుగాని ఇంగ్లీషు తేది యెవరికిని తెలియదు. పాత పంచాంగము తీసి చూడగా ఆ పక్షము 1942 ఫిబ్రవరి 2వ తేదినుండి 15వ తేదివరకు నడచినది. అనగా ఇచట మాతామహుల దేహము చితికెక్కినది, అచట లైసాండరులకు బాంబులు కట్టుచున్నది ఒకే పక్షమునందు. మనవారి తంతి ఆయన అంతకుముందున్న వాయవ్య సరిహద్దు చిరునామాకు పోయినది. రణరంగమునుండి వ్రాయు జాబులను సెన్సారువారు చదివెడివారు. ఉన్నచోటు పేరు వ్రాయుటకు వీలులేదు. నేడు తొంబదేండ్లు దాటిన మా అమ్మగారికి ఈ తేదీలు చదివి వినిపింపగా, రెండుసారులు చదివించుకొని, “అయితే అన్నయ్యకు కబురే అందలేదురా” అనిరి. కబురు అందెనో లేదో పత్రములు చెప్పవు. అందినను రాగల స్థితి లేదని మాత్రము అవి చెప్పుచున్నవి.

ఇట్టి అన్వేషణకు పూనుకొనువారు మొదట సర్వీసు సంఖ్యను వెదకవలయును. ఒకే పేరుగలవారు అనేకులుందురు, సంఖ్య ఒక్కరిదే. ఎయిర్‌మెన్ దస్త్రములను చూచు వైమానికదళ రికార్డు కార్యాలయము ఢిల్లీలోని సుబ్రతో పార్కున నున్నది. దళము పేరు తెలిసినచో ఆ దళ మే నెలలో ఎచటనుండెనో చరిత్రగ్రంథములలో చూడవచ్చును. 1933–45 నాటి భారత వైమానికదళ చరిత్ర 1961లో అచ్చయినది. బ్రిటిషు దళములలో నుండినవారి విషయమున, ప్రతి స్క్వాడ్రనును దినదినమును వ్రాసియుంచిన కార్యక్రమ పుస్తకములు లండనులోని క్యూ పత్రభాండాగారమున గలవు. కాని వాటిలోను ఫిట్టరుల పేర్లు వచ్చుట బహు తక్కువ.

మఱి రెండు పొరపాట్లకు తావున్నది. తెలంగాణమువారి పత్రములలో ‘హైదరాబాదు స్క్వాడ్రను’ అని కనబడినచో అది హైదరాబాదీయుల దళమనుకొనరాదు. 110, 152, 253 సంఖ్యలుగల ఆ దళములు బ్రిటిషువారివి. నిజాము ప్రభువిచ్చిన ధనమువలన ఆ పేరు వచ్చినది. వానిలో 152వది బర్మాలో పోరాడినది. రెండవది, బర్మాలో మరణించి సమాధి లేనివారిని వెదకు సందర్భమున కలుగునది. రంగూను స్మారకముపైనున్న సుమారు 27,000 పేర్లు పదాతి మొదలగు భూసైన్యమువారివి. వైమానికుల పేర్లు అచట వెదకిన దొరకవు. దక్షిణ, తూర్పు ఆసియాలలో జాడలేక పోయిన వైమానికుల పేర్లు సింగపూరు క్రాంజిలోని స్మారకముపై చెక్కిరి. బర్మాలో పోయిన కొడుకు పేరు రంగూనులో లేదని నిరాశపడిన కుటుంబములు ఈ సంగతి నెరుగవలెను.

మా మేనమామగారి విడుదల పత్రమునకును, నక్షత్రపు చిత్రమునకును నకళ్ళు తీయించి మన గ్రంథాలయ బీరువాలో చరిత్ర పుస్తకముల అరలో నుంచితిని. బర్మానుండి నడచివచ్చినవారి ఇండ్లలోను, సైన్యమునకు పోయినవారి ఇండ్లలోను ఇట్టి కాగితములుండక మానవు. వాటి నకళ్ళకు అదే అరలో ఇంకను చోటున్నది.